దిగే విమానం ఎందుకు కూలుతుంది? మంగళూరు, కోజికోడ్, మూవాన్ ప్రమాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

క్రాష్ ల్యాండింగ్ అని దేన్ని అంటారు?

విమానం రన్‌వే మీదో దాని దగ్గరలోనో దిగే ప్రయత్నంలో అదుపు తప్పి దెబ్బతింటే వార్తల్లో ఆ మాట వాడతారు. విచారణాధికారులు దాన్నే ముక్కలుగా విడదీసి చూస్తారు. రన్‌వే చివర దాటి పోవడం ఒకటి, పక్కకు జారిపోవడం ఒకటి, రన్‌వే చేరకముందే నేలను తాకడం ఒకటి, నేలకు బలంగా కొట్టుకుని ఎగిరిపడడం మరొకటి, చక్రాలు లేకుండా దిగడం ఇంకొకటి. ఒక్కో రకానికి కారణాలు వేరు. మన దేశంలో గత ఇరవై ఏళ్లలో దిగే దశలో ఎక్కువ ప్రాణాలు తీసిన రెండు ప్రమాదాలు, మంగళూరు, కోజికోడ్, మొదటి రకానివే. అందుకే ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

విమానం రన్‌వే మీద ఆగకుండా చివర దాటి ఎలా పోతుంది? బ్రేకులు ఫెయిలవడం వల్లనా?

బ్రేకులు పూర్తిగా చేతులెత్తేసిన కేసులు చాలా తక్కువ. ఎక్కువసార్లు బ్రేకులు బాగానే ఉంటాయి, అవి పని చేయడానికి కావలసిన రన్‌వే మిగలదు.

సరైన ల్యాండింగ్ ఇలా ఉంటుంది. విమానం 3 డిగ్రీల వాలులో దిగుతూ వచ్చి రన్‌వే మొదలు మీదుగా 50 అడుగుల ఎత్తులో దాటాలి. ఆ తర్వాత సుమారు 1,000 నుంచి 1,500 అడుగుల దూరంలో చక్రాలు నేలను తాకాలి. ఎంత ఆలస్యమైనా మొదటి 3,000 అడుగుల లోపు, లేదా రన్‌వేలో మొదటి మూడో వంతు లోపు, ఏది తక్కువైతే అందులో తాకాలి. తాకకపోతే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాలి, దీన్నే గో-అరౌండ్ అంటారు.

ఇందులో ఒక్కటి తేడా వచ్చినా దూరం ఎంత పెరుగుతుందో చూడండి. రన్‌వే మొదలును 10 అడుగులు ఎక్కువ ఎత్తులో దాటితే ఆగడానికి దాదాపు 200 అడుగులు అదనంగా కావాలి. వేగం 10 శాతం ఎక్కువైతే దూరం సుమారు 20 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బ్రేకులు కరిగించాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. నేలకు కొన్ని అడుగుల పైన తేలుతూ పోతే, 160 నాట్ల (గంటకు సుమారు 296 కిలోమీటర్ల) భూవేగం దగ్గర ప్రతి సెకనుకూ 82 మీటర్ల రన్‌వే వెనకపడిపోతుంది. ఐదు సెకన్లు తేలితే 400 మీటర్లు పోయినట్టే.

మంగళూరులో అసలేం జరిగింది?

2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812, బోయింగ్ 737-800, బజ్పే విమానాశ్రయంలో 24వ నంబరు రన్‌వే (ఆ అంకె దిశకు గుర్తు) దాటి లోయలో పడింది. ఉన్నవారు 166 మంది, చనిపోయినవారు 158, బయటపడినవారు 8.

ఆ రన్‌వే పొడవు 2,450 మీటర్లు, అంటే సుమారు 8,033 అడుగులు. చక్రాలు నేలను తాకింది మొదలు నుంచి దాదాపు 5,200 అడుగుల దగ్గర. మిగిలింది 2,800 అడుగులు. అంతదాకా ఎందుకు వచ్చిందంటే విమానం దిగడం మొదలుపెట్టిందే ఎత్తులో. మంగళూరు రాడార్ మే 20 నుంచి పని చేయడం లేదు, దాంతో కిందికి దిగే అనుమతి ఆలస్యంగా వచ్చింది. చివరి దశలో విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెండింతల్లో ఉంది. ఆ ఎత్తును కరిగించడానికి కెప్టెన్ ముక్కు బాగా దించాడు. ఒక దశలో దిగుతున్న వేగం నిమిషానికి 4,000 అడుగుల దాకా వెళ్లింది. మామూలుగా ఆ దశలో అది 700, 800 అడుగులుండాలి.

కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో ఉన్న 2 గంటల 5 నిమిషాల్లో కెప్టెన్ దాదాపు గంటా నలభై నిమిషాలు నిద్రపోయినట్టు విచారణ తేల్చింది. గాఢ నిద్ర నుంచి లేచిన తర్వాత కొంతసేపు బుర్ర పూర్తిగా పని చేయదు. తీర్పు మందగిస్తుంది, పెట్టుకున్న లక్ష్యాన్ని పట్టుకుని వదలదు. కో-పైలట్ పలుమార్లు గో-అరౌండ్ అన్నాడు. కెప్టెన్ దిగడానికే మొగ్గాడు.

ఆ నివేదికలో మింగుడుపడని వాక్యం మరొకటి ఉంది. అంత ఆలస్యంగా దిగినా సరే, వెంటనే పూర్తి బ్రేకులు, పూర్తి రివర్స్ థ్రస్ట్ (ఇంజన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించడం) వాడి ఉంటే విమానం రన్‌వే చివర ఉన్న చదును మేరలో ఆగి ఉండేది. అలా జరగలేదు. బ్రేకులు, రివర్సర్లు వాడడం మొదలుపెట్టాక కెప్టెన్ మనసు మార్చుకుని మళ్లీ ఎగరడానికి ప్రయత్నించాడు. విమానం ఆపడానికి వేసిన ఇసుక అరెస్టర్ బెడ్‌ను దాటింది, కుడి రెక్క లోకలైజర్ యాంటెన్నాను (రన్‌వే మధ్యగీతకు దారి చూపే రేడియో పరికరాన్ని) నిలబెట్టిన కాంక్రీట్ దిమ్మెకు తగిలింది, ఆ తర్వాత లోయ, మంట.

కోజికోడ్‌లో?

2020 ఆగస్టు 7 సాయంత్రం, కొవిడ్ వేళ విదేశాల్లోని భారతీయులను తీసుకొచ్చిన వందే భారత్ మిషన్ కింద దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344. ఇదీ 737-800 రకమే. 184 మంది ప్రయాణికులు, 6 మంది సిబ్బంది. ఇద్దరు పైలట్లు, 19 మంది ప్రయాణికులు, మొత్తం 21 మంది చనిపోయారు.

మొదటి ప్రయత్నం 28వ రన్‌వే మీద, ఎదురుగాలిలో. వర్షంలో రన్‌వే కనబడలేదు, నిబంధన ప్రకారం పైకి లేచారు. ఆ ప్రయత్నంలోనే కెప్టెన్ వైపు వైపర్ కాసేపు ఆడి ఆగిపోయింది. ఈలోగా టేకాఫ్ కోసం మరో విమానం 10వ రన్‌వే అడిగింది. దీనికీ అదే రన్‌వే ఇచ్చారు, కెప్టెన్ ఒప్పుకున్నాడు. 10వ రన్‌వే అంటే అదే పట్టీ, అటువైపు నుంచి. ఋతుపవనాల పడమటి గాలి ఇప్పుడు ముక్కు మీదికి కాకుండా తోక మీదికి వీస్తుంది. నేలను తాకేటప్పుడు వెనుక గాలి సుమారు 14 నాట్లు.

చివరి 500 అడుగుల్లో విమానం స్థిమితంగా లేదు. దిగే వేగం పరిమితి దాటింది, కో-పైలట్ గుర్తు చేశాడు, సరిచేస్తున్నానన్న జవాబు వచ్చింది. రన్‌వే మీదికి వచ్చాక విమానం తేలుతూ పోయింది. చక్రాలు తాకింది 4,438 అడుగుల దగ్గర. రన్‌వే ప్రకటిత పొడవు 8,858 అడుగులు, 2,700 మీటర్లు. అంటే సరిగ్గా సగం వాడకుండా పోయింది. తాకకముందే కో-పైలట్ గో-అరౌండ్ అన్నాడు. స్పందన లేదు. తడి రన్‌వే మీద మిగిలిన సగం సరిపోలేదు. సుమారు 85 నాట్ల వేగంతో చివర దాటి, 110 అడుగుల కిందికి పడి మూడు ముక్కలైంది.

విమాన ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థ ఏఏఐబీ తన నివేదికను 2021 సెప్టెంబరులో విడుదల చేసింది. స్థిమితం లేని అప్రోచ్‌ను (దిగే చివరి దశను) కొనసాగించి టచ్‌డౌన్ జోన్ (చక్రాలు తాకాల్సిన మేర) దాటి దిగడం, కో-పైలట్ నియంత్రణ తీసుకుని పైకి లేపకపోవడం ప్రధాన కారణాలుగా రాసింది. వాటి వెనక ఉన్నవాటినీ చెప్పింది. కెప్టెన్ మర్నాడు పొద్దున్నే కోజికోడ్ నుంచే మరో విమానం నడపాల్సి ఉంది. ఆ బేస్‌లో కెప్టెన్ల కొరత ఉంది. వేరే ఊరికి మళ్లిస్తే మర్నాటి విమానం ఆగిపోతుంది. విమాన వైద్యాధికారికి చెప్పకుండా మధుమేహం మందులు వాడినట్టు, రక్తంలో చక్కెర కొద్దిగా తగ్గి తీర్పు మందగించి ఉండవచ్చునని కూడా నివేదిక పేర్కొంది.

వెనుక గాలి 14 నాట్లంటే అంత పెద్ద విషయమా? కారు వేగంలో చూస్తే గంటకు 26 కిలోమీటర్లే కదా.

లెక్క వేస్తే తెలుస్తుంది. రెక్కలకు కావలసింది గాలిలో వేగం, అది ఎటు నుంచి దిగినా ఒకటే, 145 నాట్లు అనుకుందాం. 14 నాట్ల ఎదురుగాలిలో భూవేగం 131. అదే గాలి వెనక నుంచి వస్తే 159. వాటి వర్గాల నిష్పత్తి సుమారు 1.47. బ్రేకులు దాదాపు ఒకటిన్నర రెట్ల శక్తిని మింగాలి. పైగా భూవేగం ఎక్కువ కాబట్టి 3 డిగ్రీల వాలులో ఉండాలంటే నిమిషానికి మరిన్ని అడుగులు దిగాలి, దాంతో చివరి దశ మరింత హడావిడి. వెనుక గాలి విమానాన్ని తేలేలా కూడా చేస్తుంది. ఈ మూడూ ఒకేసారి వచ్చిపడతాయి.

తడి రన్‌వే మీద బ్రేకులు ఎందుకు పట్టవు?

నీటి పొర టైరుకూ కాంక్రీటుకూ మధ్య చేరి టైరును నేల నుంచి ఎత్తేస్తుంది. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. ఏ వేగం దగ్గర మొదలవుతుందో అంచనా వేయడానికి పైలట్లకు ఒక సూత్రం నేర్పుతారు: టైరులో గాలి పీడనం పీఎస్‌ఐలలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 9తో గుణించాలి. పీడనం 200 పీఎస్‌ఐ అయితే సుమారు 127 నాట్లు. 737 దిగే వేగం దీనికి పైనే ఉంటుంది కాబట్టి నీళ్లు నిలిచిన రన్‌వే మీద మొదటి కొన్ని వందల మీటర్లు బ్రేకులు నామమాత్రం.

దీన్ని తగ్గించేవి: రన్‌వే మీద అడ్డంగా కోసిన గాట్లు, నీరు పక్కకు జారే వాలు, వేల ల్యాండింగుల్లో పేరుకున్న రబ్బరును ఎప్పటికప్పుడు తొలగించడం, ఘర్షణ కొలిచే బండితో పరీక్షలు. 2007లో బ్రెజిల్‌లోని సావో పాలో కాంగోన్యాస్ విమానాశ్రయంలో టీఏఎం 3054 కూలి 199 మంది చనిపోయినప్పుడు అక్కడి రన్‌వేను కొత్తగా వేసి గాట్లు ఇంకా కోయలేదు.

పైలట్ వైపు నుంచి చేయాల్సింది నేలను కొంచెం గట్టిగా తాకించడం. అప్పుడు చక్రాలు నీటి పొరను చీల్చుకుని వెంటనే తిరుగుతాయి, రెక్కల మీది స్పాయిలర్లు (రెక్కల ఎత్తే శక్తిని తీసేసే పలకలు) లేస్తాయి, బరువు చక్రాల మీద పడుతుంది. వానలో విమానం ధబ్బున దిగితే ప్రయాణికులు ముఖం చిట్లిస్తారు. నిజానికి తడి రన్‌వే మీద మెత్తగా, తెలియనట్టుగా దిగిన పైలట్‌నే అనుమానించాలి.

స్పాయిలర్లు, రివర్సర్లు, బ్రేకులు. వీటిలో ఏది ముఖ్యం?

పొడి రన్‌వే మీద బ్రేకులు. తడి రన్‌వే మీద రివర్స్ థ్రస్ట్ వాటా పెరుగుతుంది, ఎందుకంటే దానికి టైరు పట్టుతో సంబంధం లేదు. కానీ స్పాయిలర్లు లేవకపోతే రెక్కలు ఇంకా విమానాన్ని మోస్తూనే ఉంటాయి, బ్రేకులకు పట్టు దొరకదు. 1999 జూన్ 1న అమెరికాలోని లిటిల్ రాక్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1420 తుపాను గాలుల మధ్య దిగింది. హడావిడిలో స్పాయిలర్లను ఆర్మ్ చేయలేదు, అంటే లేవడానికి సిద్ధం చేసి ఉంచలేదు, అవి వాటంతటవి లేవలేదు. 11 మంది చనిపోయారు. చెక్‌లిస్టులో ఒక్క గీత, దాని ధర అంత.

సావో పాలో ప్రమాదంలో కథ మరో రకం. ఎయిర్‌బస్ ఏ320కి ఒక ఇంజన్ రివర్సర్ ముందే మూసి ఉంచారు, అది నిబంధనల్లో అనుమతించినదే. దిగేటప్పుడు ఒక థ్రాటిల్ (ఇంజన్ శక్తిని మార్చే పిడి) ఐడిల్‌కు, అంటే కనీస శక్తికి వచ్చింది, రెండోది పైకి ఎక్కేటప్పటి శక్తి స్థానంలోనే ఉండిపోయింది. ఒక ఇంజన్ ముందుకు లాగుతుంటే స్పాయిలర్లు లేవవు, ఆటోబ్రేకులు పట్టవు.

గో-అరౌండ్ చేస్తే సరిపోయేదానికి ఎందుకు చేయరు?

ఇదే అసలు ప్రశ్న. రన్‌వే చివర దాటిన (ఓవర్‌రన్) దాదాపు ప్రతి ప్రమాదంలోనూ బయటపడే దారి చివరి నిమిషంలో తెరిచే ఉంది.

నిబంధన స్పష్టంగా ఉంటుంది. మేఘాల్లో వస్తుంటే 1,000 అడుగులకు, కళ్లెదుట రన్‌వే ఉంటే 500 అడుగులకు విమానం స్థిమితంగా ఉండాలి: చక్రాలు, ఫ్లాపులు సరైన స్థానంలో, వేగం లక్ష్యానికి దగ్గరగా, దిగే రేటు నిమిషానికి 1,000 అడుగుల లోపు, ఇంజన్లు తగినంత శక్తిలో, చెక్‌లిస్టులు పూర్తి. వీటిలో ఏది లేకపోయినా పైకి లేవాలి, చర్చ లేదు.

ఆచరణ వేరు. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనంలో మొత్తం అప్రోచుల్లో 3 నుంచి 4 శాతం స్థిమితం లేనివి. వాటిలో దాదాపు 97 శాతం గో-అరౌండ్ లేకుండా కొనసాగాయి. అంటే నిబంధన ఉల్లంఘించినా చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అలవాటును పెంచుతుంది. పైగా కంపెనీ ఇంధనం, ఆలస్యం, డ్యూటీ గంటలు, మర్నాటి విమానం, రన్‌వే కనబడుతోంది కదా అన్న ధీమా. ఇవన్నీ కలిసి ఆ పది సెకన్లలో పైలట్ చేతిని థ్రాటిల్ ముందుకు తోయనివ్వవు.

నేలను తాకాక పరిస్థితి బాగోలేదనిపిస్తే మళ్లీ ఎగరొచ్చు కదా?

రివర్సర్లు తెరవకముందైతే ఎగరొచ్చు, అది శిక్షణలో భాగమే. తెరిచాక ఎగరకూడదు. రివర్సర్లు మూసుకోవడానికి సెకన్లు పడతాయి, ఇంజన్లు పూర్తి శక్తికి రావడానికి ఇంకొన్ని సెకన్లు. ఒకటి మూసుకోకపోతే ఆ వైపు లాగేసి అదుపు తప్పుతుంది. 1978 ఫిబ్రవరిలో కెనడాలోని క్రాన్‌బ్రూక్‌లో పసిఫిక్ వెస్టర్న్ 737 దిగి, రన్‌వే మీద మంచు తీసే బండి కనబడగానే మళ్లీ లేచింది. ఒక రివర్సర్ పూర్తిగా మూసుకోలేదు, 40 మందికి పైగా చనిపోయారు. రివర్సర్ లాగాక దారి ఒకటే, పూర్తి బ్రేకులు. చివర దాటినా సరే, 30 నాట్లతో దాటడం 100 నాట్లతో దాటడం కంటే మేలు.

కో-పైలట్ కంట్రోల్స్ ఎందుకు లాక్కోలేదు?

కాగితం మీద ఆయనకు ఆ హక్కు ఉంది, ఏఏఐబీ నివేదిక ప్రకారం బాధ్యత కూడా. కానీ కోజికోడ్‌లో కెప్టెన్ వయసులో, అనుభవంలో, హోదాలో చాలా పెద్ద. మన దగ్గర పెద్దాయన్ని సార్ అంటూ పనిచేసిన కుర్రాడు ఆయన చేతిలోంచి స్టీరింగ్ లాక్కోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. హెచ్చరికలు అడుగుతున్నట్టు, మెత్తగా, అరకొర మాటల్లో వస్తాయి. మంగళూరులోనూ ఇదే.

దీనికి శిక్షణలో ఉన్న మందు: రెండుసార్లు ప్రామాణిక కాల్ ఇచ్చినా జవాబు రాకపోతే పైలట్ అశక్తుడైనట్టే లెక్క, ‘ఐ హావ్ కంట్రోల్’ అని బిగ్గరగా అని నియంత్రణ తీసుకోవాలి. సిమ్యులేటర్‌లో దీన్ని నిజంగా చేయించాలి. క్లాసులో పవర్‌పాయింట్ చూపించి సంతకం పెట్టించుకుంటే రాదు.

టేబుల్‌టాప్ రన్‌వేలను మూసేయాలా?

కొండ తలను చదును చేసి వేసిన రన్‌వే టేబుల్‌టాప్. మంగళూరు, కోజికోడ్, మిజోరంలోని లెంగ్‌పుయి, సిమ్లా, సిక్కింలోని పాక్యాంగ్ ఇలాంటివి. వాటివల్ల విమానం చివర దాటదు, కానీ దాటితే బతికే అవకాశం తగ్గిపోతుంది. అందుకని మూసివేత కంటే చివర ఏముందన్నదే అడగాల్సిన ప్రశ్న.

అంతర్జాతీయ నియమం ప్రకారం రన్‌వే చుట్టూ ఉండే స్ట్రిప్ దాటాక రీసా అనే భద్రతా మేర కనీసం 90 మీటర్లుండాలి, సిఫార్సు 240 మీటర్లు. మంగళూరులో 2010 నాటికి 90 ఉంది. కోజికోడ్‌లో రన్‌వేను కొంత కుదించి మరీ 240 మీటర్లు చూపారు, అయినా ఆ వేగానికి చాలలేదు. చోటు లేనిచోట ఈమాస్ వేస్తారు. అవి నురుగు కాంక్రీటు దిమ్మెలు, చక్రాలు వాటిలో కూరుకుపోయి విమానం ఆగుతుంది. సాధారణంగా 70 నాట్ల వేగంతో వచ్చే విమానాన్ని ఆపేలా రూపొందిస్తారు. కోజికోడ్ వేగం అంతకంటే ఎక్కువే అయినా, అంచు చేరేటప్పటికి చాలా తగ్గి ఉండేది.

పోలిక కోసం: శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. గల్ఫ్ నుంచి వచ్చే అదే 737 అక్కడ అంతే ఆలస్యంగా దిగినా దాదాపు 2,900 మీటర్లు మిగిలేవి. ఆ పొరపాటు ప్రయాణికులకు తెలిసేది కూడా కాదు.

మూవాన్‌లో జెజు ఎయిర్ విమానానికి ఏమైంది?

2024 డిసెంబరు 29న బ్యాంకాక్ నుంచి దక్షిణ కొరియాలోని మూవాన్‌కు వచ్చిన 737-800. 181 మందిలో 179 మంది చనిపోయారు. దిగబోతుండగా పక్షులు తగిలాయి. రెండు ఇంజన్లలోనూ బైకాల్ టీల్ అనే బాతు జాతి ఈకలు, రక్తం దొరికాయి. సిబ్బంది మేడే (ప్రాణాపాయ సంకేతం) ప్రకటించి పైకి లేచి, తిరిగి ఎదురు దిశ నుంచి 19వ రన్‌వే మీద చక్రాలు లేకుండా పొట్ట మీద దిగారు. విమాన సమాచారం, కాక్‌పిట్ మాటలు దాచే రెండు రికార్డర్లూ చివరి నాలుగు నిమిషాలకు పైగా ఏమీ నమోదు చేయలేదు. ఆ నాలుగు నిమిషాల్లోనే అన్ని నిర్ణయాలూ ఉన్నాయి.

పొట్ట మీద జారుతున్న విమానం రన్‌వే దాటి, సుమారు 250 మీటర్ల దూరంలో లోకలైజర్ యాంటెన్నాల కోసం కట్టిన మట్టి, కాంక్రీటు గట్టుకు కొట్టుకుని పేలిపోయింది. రన్‌వే చివర ఉండే యాంటెన్నాలు తగలగానే విరిగిపోయేలా పెళుసుగా ఉండాలన్నది పాత నియమమే. మంగళూరులో రెక్కకు తగిలిందీ లోకలైజర్ కాంక్రీటే. పద్నాలుగేళ్ల తర్వాత అదే వస్తువు మళ్లీ కనబడడం ఏ విమానాశ్రయ ఇంజనీరూ తేలిగ్గా తీసుకోకూడని సంగతి.

చక్రాలు రాకపోతే ప్రాణాలు పోవడం ఖాయమా?

కాదు. 2011 నవంబరు 1న వార్సాలో ఎల్‌ఓటీ పోలిష్ 767 చక్రాలు లేకుండా దిగింది, 231 మందిలో ఒక్కరికీ గాయం కాలేదు. సమయం ఉంది, రన్‌వే మీద నురుగు చల్లారు, మెల్లగా సరైన చోట దించారు, ఎదురుగా గోడ లేదు.

737లో హైడ్రాలిక్స్ పోయినా చక్రాలు దించడానికి కాక్‌పిట్ నేల మీద మూత కింద మూడు పిడులుంటాయి, ఒక్కో గేరుకు (చక్రాల కాలుకు) ఒకటి. లాగితే తాళం విడిపోయి గేరు తన బరువుకే దిగుతుంది. కానీ దానికి చెక్‌లిస్టు, కొన్ని నిమిషాల సమయం కావాలి.

ఆటోమేషన్ వల్ల ప్రమాదాలు జరిగాయా?

జరిగాయి, ఒకే తీరులో. పైలట్ యంత్రం వేగాన్ని చూసుకుంటోందనుకుంటాడు, యంత్రం చూసుకోదు. 1990 ఫిబ్రవరి 14న బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, అప్పటికి కొత్తగా వచ్చిన ఏ320, ఇంజన్లు ఐడిల్‌లో ఉండే మోడ్‌లో దిగుతూ రన్‌వే చేరకముందే నేలను తాకింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర టర్కిష్ 1951లో ఒక రేడియో ఆల్టిమీటర్ (ఎత్తు కొలిచే పరికరం) నేలకు 8 అడుగుల కింద ఉన్నామని చూపింది, ఇంజన్ శక్తిని తనే సర్దే ఆటోథ్రాటిల్ దాన్ని నమ్మి శక్తి తీసేసింది, 9 మంది చనిపోయారు. 2013 జులై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214కు లక్ష్యం 137 నాట్లు, పడిపోయింది 103కి. తోక సముద్రపు గోడకు తగిలి విరిగింది, ముగ్గురు చనిపోయారు.

మూడింటికీ విరుగుడు ఒకటే. చివరి 500 అడుగుల్లో ఒకరి కళ్లు వేగం మీదే ఉండాలి.

ఇంధనం అయిపోయి కూలిన సందర్భాలు?

ఉన్నాయి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర అవియాంకా 52 గాల్లో చక్కర్లు కొడుతూ ఇంధనం లేక కూలి 73 మంది చనిపోయారు. సిబ్బంది ఇంధనం తక్కువుందన్నారు గానీ ‘ఎమర్జెన్సీ’ అనే మాట వాడలేదు. ఆ తర్వాతి కాలంలో ఇంధనం గురించి చెప్పాల్సిన పదాలకు నిర్దిష్ట అర్థాలు పెట్టారు.

మంగళూరులో మంట, కోజికోడ్‌లో లేదు. ఎందుకు?

ఇంధన ట్యాంకులు రెక్కల్లో ఉంటాయి. మంగళూరులో కాంక్రీటు దిమ్మె రెక్కను చీల్చింది, ఇంధనం చిమ్మింది, నిప్పు అంటుకుంది. కోజికోడ్‌లో ఇంధనం కారినా అంటుకోలేదు. కుండపోత వాన కూడా సాయపడి ఉండొచ్చు. మరణాల సంఖ్యల్లో తేడాకు ఇదే పెద్ద కారణం.

ఏ సీటు సురక్షితం? ప్రయాణికుడు ఏం చేయగలడు?

ఖాయంగా సురక్షితమైన సీటు లేదు. మూవాన్‌లో బతికిన ఇద్దరూ తోకలో కూర్చున్న సిబ్బంది. శాన్ ఫ్రాన్సిస్కోలో విరిగిందే తోక.

చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, బిగుతుగా. ముందూ వెనకా తలుపుల దాకా ఎన్ని వరసలో లెక్కపెట్టుకోండి, పొగలో చేత్తో తడుముతూ పోవాలి. దిగేటప్పుడు బూట్లు విప్పొద్దు. సిబ్బంది ‘బ్రేస్’ (కాచుకోండి) అని అరిస్తే తల వంచి ముందు సీటుకు ఆనించండి, కాళ్లు నేలకు గట్టిగా, మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి. బ్యాగు తీయొద్దు. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ దిగగలరని నిరూపిస్తేనే విమానానికి ధ్రువీకరణ ఇస్తారు. ఆ పరీక్షలో పైనుంచి సూట్‌కేసు దించేవారెవరూ ఉండరు.

‘పైలట్ తప్పిదం’ అని తేల్చేస్తే విచారణ ముగిసినట్టేనా?

అది విచారణ మొదలయ్యే చోటు. కోజికోడ్ కెప్టెన్ ఆ ప్రాంతం ఎరిగిన, ఎన్నోసార్లు దిగిన మనిషి. అలాంటివాడు ఆ రోజు ఎందుకు కొనసాగించాడంటే రోస్టర్, బేస్‌లో కొరత, వైపర్ మరమ్మతు, టవర్ ఇచ్చిన రన్‌వే, కంపెనీ శిక్షణ అన్నీ బయటికొస్తాయి. తప్పు పైలట్ మీద వేసి ఊరుకుంటే ఈ జాబితాలో ఏదీ మారదు. అలాగని పైలట్‌ను పూర్తిగా విడిచిపెట్టే వాదన కూడా సరికాదు. చివరి చెయ్యి అతనిదే, గో-అరౌండ్ అతని చేతిలోనే ఉంది.

విచారణ ఎవరు చేస్తారు? నివేదిక ఎప్పుడొస్తుంది?

ప్రమాదం జరిగిన దేశం. మన దేశంలో 2012 నుంచి ఏఏఐబీ, అంతకుముందు పెద్ద ప్రమాదాలకు ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేసేది. మంగళూరుకు విశ్రాంత ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే ఆధ్వర్యంలో వేసింది అదే. విమానం తయారైన దేశం ప్రతినిధులు పాల్గొంటారు, బోయింగ్ అయితే అమెరికా రవాణా ప్రమాదాల విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ. అంతర్జాతీయ నియమంలో ప్రాథమిక నివేదికకు 30 రోజులు, వీలైతే తుది నివేదికకు 12 నెలలు. బాధ్యులకు శిక్ష వేయడం దీని పని కాదు.

బ్లాక్ బాక్స్ నిజానికి నారింజ రంగులో ఉంటుంది. 1,100 డిగ్రీల మంటలో గంటసేపు తట్టుకోవాలి. విమానంలో ఉండే రెండింటిలో ఒకటి కనీసం 25 గంటల విమాన సమాచారం దాస్తుంది, రెండోది ఈ రకం విమానాల్లో 2 గంటల కాక్‌పిట్ మాటలు. వాటితోపాటు టైరు గుర్తులు, టైర్ల మీద కాలిన రబ్బరు, వైపర్ మోటారు, థ్రాటిల్ స్థానాలు, టవర్ టేపులు, గాలి కొలతలు అన్నీ సరిపోల్చుతారు.

కుటుంబానికి పరిహారం ఎలా?

అంతర్జాతీయ ప్రయాణమైతే మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, భారత్ 2009లో చేరింది. దుబాయ్‌లో కొన్న టికెటైనా, కరీంనగర్‌లో కొన్నదైనా తేడా లేదు. ఎయిర్‌లైన్ తప్పు నిరూపించకుండానే రుజువైన నష్టానికి ఒక పరిమితి వరకు బాధ్యత ఉంటుంది. 2024 డిసెంబరు 28 నుంచి ఆ పరిమితి ఒక్కొక్కరికి 1,51,880 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కకట్టే యూనిట్, రోజువారీ విలువను రూపాయల్లోకి మార్చుకోవాలి. అంతకు మించి అడిగితే తన నిర్లక్ష్యం లేదని ఎయిర్‌లైన్ నిరూపించుకోవాలి. దావా వేయడానికి గడువు 2 ఏళ్లు, తుది నివేదిక వచ్చేదాకా ఆగితే అది దాటిపోవచ్చు. ముందుగా ఇచ్చే తాత్కాలిక సొమ్ము తీసుకుంటే హక్కు పోదు. పూర్తి పరిష్కారం అని రాసిన కాగితం మీద మాత్రం న్యాయవాదికి చూపించాకే సంతకం పెట్టండి.